ఎవరి పేరు?

మా ఊళ్లో ఎవరింట్లోనైనా బిడ్డకి పేరు పెట్టారంటే, "అర్థం ఏమిటి?" అని అడిగినవాళ్లని నేను చూడలేదు. "ఎవరి పేరు?" అనేవాళ్లు. కొండ మీది దేవుడిదా, దర్గాలో పడుకున్న ఆయనదా, పోయిన ముసలాయనదా, పార్టీ నాయకుడిదా? ప్రతి పేరూ ఎక్కడో ఒకచోట బాకీ పడి ఉండేది. ఆ బాకీ ఎవరికో తెలిస్తే చాలు, ఆ ఇంటి సంగతి సగం తెలిసినట్టే.

మాది నరసరావుపేటకీ ఫిరంగిపురానికీ నడుమ పల్లె. 1960ల చివర, 70ల మొదట్లో మా బడి హాజరు పట్టీలో కోటప్పకొండ నీడ పడని పేజీ లేదు. కోటేశ్వరరావులు, కోటయ్యలు, కోటిరెడ్లు, కోటమ్మలు, కోటేశ్వరమ్మలు. మా ఒక్క తరగతిలోనే పొట్టి కోటి, మిల్లు కోటి, కంసాలి కోటి ఉండేవాళ్లు. ఇంకొక కోటికి ఏ గుర్తూ మిగలక ఇంటిపేరుతోనే పిలిచేవాళ్లం. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి నిలవకపోయినా త్రికోటేశ్వరుడికి మొక్కుకోవడం, పుట్టాక తలనీలాలు కొండ మీద ఇవ్వడం, పేరు కూడా అక్కడిదే పెట్టడం. శివరాత్రికి ఊరూరి నుంచీ ప్రభలు కదిలేవి. వెదురూ గుడ్డా కాగితమూ లైట్లూ కలిసి తాటిచెట్టుని మించి లేచిన ఆ ప్రభల వెనక నడిచేవాళ్లలో "కోటిగా!" అని కేకేస్తే తిరిగి చూడనివాడు ఎవడు?

మా అన్నయ్యకి తాతయ్య పేరు పెట్టారు, కోటయ్య అని. అమ్మ ఆ పేరు ఏనాడూ పలకలేదు. మామగారి పేరు కోడలి నోట రాకూడదు. వాణ్ని "పెద్దోడా" అనేది, కోపం వస్తే "మీ నాన్న కొడుకు" అనేది. అంతటితో అయిపోలేదు. తిరనాళ్లకి బయల్దేరుతూ కూడా కోటప్పకొండ అనేది కాదు, "కొండకి పోతన్నాం" అనేది. చందమామ కథ చదివి వినిపిస్తుంటే రాజుగారి కోట వచ్చేసరికి "రాజుగారి పెద్దిల్లు" అయిపోయేది. 1971లో జనాభా లెక్కలకి వచ్చిన మాస్టారు ఇంట్లోవాళ్ల పేర్లు వరసగా రాసుకుంటూ అన్నయ్య దగ్గరికొచ్చి ఆగితే, అమ్మ నా వంక చూసింది. నేను చెప్పాను. నాన్న పేరూ నేనే చెప్పాను, అది వేరే సంగతి.

ఇది మా అమ్మ చాదస్తమనే అనుకున్నాను చాలా కాలం. దక్షిణాఫ్రికాలో జులూ కోడళ్లదీ ఇదే పద్ధతని తర్వాత చదివాను. మామగారి పేరే కాదు, ఆ పేరులోని అక్షరాలు వినిపించే మామూలు మాటలు కూడా వాళ్లు తప్పించి, వాటి బదులు వేరే మాటలు వాడతారు. ఆ మర్యాదని వాళ్లు హ్లోనిఫా అంటారు. రాజుగారి పెద్దిల్లు వాళ్లకి వెంటనే అర్థమై ఉండేది.

కోటప్పకొండ కాకపోతే దర్గా. గుంటూరులో కాలే మస్తాన్ షా వలీ దర్గా ఉంది. ఆయన దయవల్ల పుట్టారనుకున్న పిల్లలు మస్తాన్ వలీలూ అయ్యారు, మస్తాన్‌రావులూ అయ్యారు, మస్తానమ్మలూ అయ్యారు. ముదిమి వయసులో వంటల వీడియోలతో దేశదేశాలకీ తెలిసిన మస్తానమ్మ అవ్వది కూడా మా గుంటూరు జిల్లాయే. మస్త్ అంటే పారశీకంలో మత్తెక్కిన అని. దేవుడి ధ్యాసలో ఒళ్లు మరిచిన ఫకీరుని మస్తాన్ అన్నారు. దాని పక్కన రావు చేర్చి, నుదుట విభూతి పెట్టి బడికి పంపిన తల్లికి ఆ రెండూ అతకవని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు. నాగూరయ్యలు, నాగూరమ్మలు కూడా అంతే. తమిళదేశం సముద్రపుటొడ్డున నాగూరులో ఉన్న షాహుల్ హమీద్ దర్గా దాకా వెళ్లి మొక్కు తీర్చుకున్నవాళ్లెందరో, ఇంటి దగ్గర్నుంచే దణ్ణం పెట్టుకున్నవాళ్లెందరో. పేర్లు మాత్రం మా పట్టీ దాకా వచ్చాయి.

ఫిరంగిపురం వైపు నుంచి వచ్చే పిల్లల పేర్లు ఇంకో రకం. రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య, శౌరయ్య, జోజయ్య, బాలశౌరి, మరియమ్మ. ఈ చివరి పేరు తప్ప మిగతావన్నీ మన నేలలో మొలిచిన పేర్లేననుకునేవాణ్ని. రాయప్ప అంటే ఏ పొలంగట్టు రాయికో మొక్కి ఉంటారు, చిన్నప్ప అంటే ఇంట్లో చిన్నవాడు, అంతే కదా. వాటి ప్రయాణం తెలిశాక కొన్నాళ్లు నాకు ఇంకో ధ్యాస లేదు.

సీమోను అనే చేపలు పట్టేవాడికి ఏసు తన అరమాయిక్ భాషలో కేఫా అని పేరు పెట్టాడు, బండ అని. సువార్త గ్రీకులో రాసినవాళ్లు దాన్ని పెట్రోస్ అన్నారు. లాటిన్ పెట్రుస్, ఇంగ్లీషు పీటర్ అక్కడివే. తమిళదేశంలో క్రైస్తవ గురువులు ఆ పేరుని చెవికి తగినట్టు కాకుండా మనసుకి తగినట్టు మార్చారు. బండ కదా, రాయి. రాయికి అప్ప చేరిస్తే రాయప్ప. పౌలు సంగతీ అంతే. లాటిన్‌లో పౌలుస్ అంటే చిన్నవాడు, కనుక చిన్నప్ప. 18వ శతాబ్దంలో జెస్యూట్ గురువులు తెలుగు పల్లెలకి వచ్చినప్పుడు ఈ పేర్లు తయారుగా వాళ్ల వెంట వచ్చాయి. ఇన్నయ్య మాత్రం మనసు దారిన కాక చెవి దారిన వచ్చాడు. ఇగ్నేషియస్ తమిళంలో ఇన్నాసి అయ్యాడు, మా వైపు ఇన్నాసమ్మ, ఇన్నయ్య, ఇన్నారెడ్డి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాడు శౌరయ్య. సంస్కృతం తెలిసిన మా తెలుగు మాస్టారు శౌరి అంటే విష్ణువని చెప్పి ఆ కుర్రాణ్ని మెచ్చుకునేవారు. వాడూ బుద్ధిగా తలూపేవాడు. వాడి పేరు ఫ్రాన్సిస్ జేవియర్‌ది. ఆ పునీతుడు 1506లో స్పెయిన్ ఉత్తరాన నవార్రేలో, జేవియర్ అనే కోటలో పుట్టాడు. (అమ్మ అయితే పెద్దింట్లో పుట్టాడనేది.) జేవియర్ అన్నది ఆయనకి పెట్టిన పేరు కాదు, ఇంటిపేరు. అది కూడా బాస్క్ భాషలో ఎచెబెర్రి అనే మాటలోంచి వచ్చింది, కొత్త ఇల్లని దాని అర్థం. ఆయన 1552లో చైనా తీరం దగ్గరి దీవిలో పోయాడు, శరీరం గోవా చేరింది. పేరేమో పోర్చుగీసువాళ్ల నోటా తమిళుల నోటా నలిగి సవేరి, చవరి, శౌరి అయి, మిరప తోటల మధ్య మా పల్లెలోకి వచ్చి, విష్ణు సహస్రనామాల పక్కన సర్దుకుని కూర్చుంది. ఒక బాస్క్ ఇంటిపేరుకి రెడ్డి చేర్చి బాలశౌరిరెడ్డి అని పిలుచుకునే చోటు భూమ్మీద ఇంకొకటి ఉంటుందా?

లూథరన్‌ల, బాప్టిస్టుల పల్లెల్లో పేర్లు వేరు. వాళ్లకి తెలుగు బైబిలు చేతిలో ఉంది, అందులోంచే తీసుకున్నారు: యోహాను, ఏసోబు, దానియేలు, రూతమ్మ. పాత తరంలో తల్లిదండ్రులది ఒక లోకం, బిడ్డది ఇంకో లోకం. మా పక్క వినుకొండలో 1895లో వీరయ్య, లింగమ్మ దంపతులకి పుట్టిన కొడుకు జాషువా. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఈ మూడు పేర్లే చెబుతాయి. హీబ్రూలో యెహోషువ అన్న ఆ పేరు పొట్టిదైతే యేషువ, అంటే ఏసు. మా బడిలో జాషువా పద్యాలు అప్పజెప్పే పిల్లలెవరికీ కవి పేరూ ఏసు పేరూ ఒకటేనని తెలియదు.

పార్టీ ఇళ్ల పేర్లు చెప్పకపోతే మా జిల్లా కథ పూర్తి కాదు. లెనిన్, స్టాలిన్, గగారిన్, జోయా. 1961లో అంతరిక్షం చుట్టొచ్చిన యూరీ గగారిన్ ఆ ఏడాదే హైదరాబాదు కూడా వచ్చి వెళ్లాడు. మా పై తరగతిలో ఒకడు ఆ పేరు మోస్తూ లెక్కల్లో తప్పుతుండేవాడు. జర్మన్ సైన్యం 1941లో ఉరితీసిన గెరిల్లా పిల్ల జోయా. ఆ పేరున్న అమ్మాయి మా ఊరి చెరువు గట్టు మీద గేదెలు తోలేది. తమాషా ఏమంటే లెనిన్ అసలు ఇంటిపేరు ఉల్యానోవ్, స్టాలిన్‌ది జుగాష్విలీ. ఉక్కు అన్న మాటలోంచి స్టాలిన్ అని తనే పెట్టుకున్నాడు. పోలీసుల నుంచి దాక్కోవడానికి వాళ్లు పెట్టుకున్న మారుపేర్లని మావాళ్లు బారసాల చేసి ఊరంతటికీ చాటారు.

దేవుడికీ పార్టీకీ కూడా బాకీ లేని ఇల్లు ఒకటి ఉంది, విజయవాడలో నాస్తికుడు గోరా గారిది. ఆయన కాలానికి బాకీ పడ్డారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. యుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానానికి నౌ. పిల్లల పేర్లు వరసగా చదివితే ఆ రోజుల వార్తాపత్రిక చదివినట్టుంటుంది. లవణం తర్వాత జాషువా కూతురు హేమలతని పెళ్లి చేసుకున్నారు. నాన్న ఈ కబురు చెప్పినప్పుడల్లా "ఉప్పు మన వినుకొండకి అల్లుడయింది" అనేవాడు.

ఇప్పటి సంగతి ఎక్కువ చెప్పను. మా అన్నయ్య కూతురు డల్లాస్ నుంచి ఫోన్ చేసి, పిల్లవాడిది అశ్విని మూడో పాదం, "చో"తో మొదలయ్యే పేరు కావాలంది. అర్థం గొప్పగా ఉండాలి, ఎవరూ పెట్టి ఉండకూడదు, అక్కడి టీచర్లకి నోరు తిరగాలి. కోటయ్య మనవడికి చో ఎక్కణ్నుంచి తేను? చివరికి ఫోన్‌లో ఏదో జాబితాలో దొరికింది, సూర్యకిరణమని దానికి అర్థమట. ఏ నిఘంటువులోనూ నాకు ఆ మాట కనబడలేదు. ఆ పిల్లవాడి పేరు ఎవరికీ బాకీ లేదు, దానికి నాకేమీ బాధ లేదు కూడా. కాకపోతే "ఎవరి పేరు?" అని అడిగిన మా అమ్మకి ఏం చెప్పాలో ఎవరికీ తోచలేదు.

మళ్లీ మా బడి పట్టీకి వస్తే, అందులో కొన్ని పేర్లు దేవుడికి కాక, ఎదురు దిక్కుకి బాకీ. పెంటయ్య, పుల్లయ్య, పిచ్చయ్య. ముందు పుట్టినవాళ్లు పోతుంటే, ఈసారి పుట్టినవాణ్ని పెంట మీదో పుల్లాకుల మీదో, అంటే ఎంగిలి విస్తళ్ల మీద, ఒక్క క్షణం పడుకోబెట్టి తెచ్చుకునేవాళ్లు. పారేసినదాన్ని మృత్యువు ఎత్తుకుపోదు కదా. తెలుగు సినిమా తొలినాళ్ల పెద్ద దర్శకుల్లో ఇద్దరు పుల్లయ్యలు. పిచ్చయ్య అంటే పిచ్చివాడు కాదు, బిచ్చమెత్తి తెచ్చుకున్నవాడు. తమిళంలో పిచ్చై అన్నా బిచ్చమే, గూగుల్ సుందర్ పిచాయ్ పేరులో ఉన్న మాట అదే. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవుడు పోసి కొనుక్కున్న పిల్లలు తవుడు, తవిటినాయుడు. బెంగాల్లో అయితే నూకలు: ఇద్దరు కొడుకులు పోయాక పుట్టినవాణ్ని తల్లి మూడు గుప్పిళ్ల నూకలకి తన పెద్దకూతురికే అమ్మింది. నూకల్ని వాళ్లు ఖుద్ అంటారు, ఆ పిల్లవాడు ఖుదీరామ్ అయ్యాడు. మృత్యువు దగ్గర్నుంచి అలా దాచిన ఖుదీరామ్ బోస్‌ని 1908 ఆగస్టు 11న ఇంగ్లీషువాళ్లు ఉరితీశారు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు.

మా తరగతి పుల్లయ్య బాగా చదివాడు, ఇంజనీరయ్యాడు, హైదరాబాదులో పెద్ద ఉద్యోగం. ఆఫీసులో కుర్రాళ్లు వెనక నవ్వుతున్నారని, పిల్లల పెళ్లి శుభలేఖల మీద బాగుండదని, యాభై దాటాక పేరు మార్చుకోవాలనుకున్నాడు. అఫిడవిట్ రాయించాడు, గెజిట్‌లో వేయించే కాగితాలు సిద్ధం చేశాడు, కొత్త పేరు కూడా ఎంచుకున్నాడు. సంతకం పెట్టే ముందు ఊరికి వచ్చి తల్లితో చెప్పాడు. ఆ రోజు నేనూ వాళ్ల అరుగు మీదే ఉన్నాను.

ఎనభై దాటిన మనిషి. పళ్లు లేవు, మాట మాత్రం గట్టిగానే ఉంది. "నీ ముందు ముగ్గురు పోయారయ్యా. వాళ్లకి మంచి పేర్లే పెట్టుకున్నాం. ఇన్నాళ్లూ అది నిన్ను ఎంగిలాకు అనుకుని వదిలేసింది. ఇప్పుడు నువ్వు కాగితమ్మీద రాసిచ్చి దానికి చెబుతావా?"

ఇంజనీరు ఏమీ అనలేదు. మూణ్ణాలుగేళ్లకి ఆవిడ పోయింది, కాగితాలు ఇంకా వాడి బీరువాలోనే ఉన్నాయి, అడ్డు చెప్పేవాళ్లు లేరు. అయినా రిటైరైన రోజున స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో పుల్లయ్య గారనే ఉంది. ఏరా, మార్చుకోలేదేం అని భోజనాల దగ్గర అడిగాను. "మొన్నే స్టెంటు వేశారు. ఇప్పుడెందుకురా," అన్నాడు.