బస్తా బరువు

మా నాన్న బరువు 68 కిలోలు. హైదరాబాదులో జిమ్‌కి వెళ్ళే రోజుల్లో నేను డెడ్‌లిఫ్ట్‌లో 140 ఎత్తేవాణ్ణి. మొన్న ఏప్రిల్‌లో ఆయన బాత్రూంలో జారిపడితే లేపలేకపోయాను. చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపబోయేసరికి నాకే నడుం పట్టేసింది. దాళ్వా కోతల కాలం కాబట్టి సరిపోయింది. వీధిలో ధాన్యం లారీకి ఎత్తుతున్న జట్టువాళ్ళు ఇద్దరు వచ్చి, ఆయన్ని లేపి మంచం మీద కూర్చోబెట్టారు. నాన్నకి దెబ్బేమీ తగల్లేదు. మూడు రోజులు సెలవు పెట్టింది నేను.

‘నర్తనశాల’లో భీముడి వేషం వేసిన దండమూడి రాజగోపాలరావు నిజజీవితంలో కూడా వెయిట్‌లిఫ్టింగ్ చాంపియన్. ఆ మూడు రోజుల్లో నాన్న ఆయన పేరు రెండుసార్లు ఎత్తారు, ఏ సందర్భమూ లేకుండా.

2020 మార్చిలో జిమ్ములు మూసేశాక లాప్‌టాప్ పట్టుకుని మండపేట దగ్గర మా ఊరు వచ్చేశాను. మళ్ళీ తెరిచారు. ‘వచ్చే నెల నుంచి’ అనుకుంటూ ఐదేళ్ళు గడిపేశాను. ఈ ఐదేళ్ళలో నా బుర్రలో ఆ 140 మాత్రం ఒక్క కిలో కూడా తగ్గలేదు. ఎవరైనా అడిగితే ‘ఎత్తేవాణ్ణి’ అనేవాణ్ణి కాదు, ‘ఎత్తుతాను’ అనేవాణ్ణి.

నడుం సర్దుకున్నాక మండపేటలో ఒక జిమ్‌లో చేరాను. మొదటిరోజే 80 వేశాను, పాతదాంట్లో సగం పైచిలుకేగా అని. ట్రెయినర్ కుర్రాడు "ముందు ఖాళీ బార్‌తో చెయ్యండి సార్" అన్నాడు. విన్లేదు. బరువు లేచింది కూడా, అదే కొంప ముంచింది. మూడో రోజుకి కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

ఇంజనీర్ని కదా, కూర్చుని చదివాను. ఓస్లో విశ్వవిద్యాలయంవాళ్ళు 2010లో చిట్టెలుకల మీద చేసిన పరిశోధన ఒకటి కనబడింది. కండరం మీద భారం పెంచినప్పుడు కణాల్లో కొత్తగా చేరిన కేంద్రకాలు, తర్వాత కండ తగ్గిపోయినా పోలేదట. మానేసినవాళ్ళకి కండ త్వరగా తిరిగి రావడానికి ఇదొక కారణం కావచ్చంటారు. మనుషుల్లో ఈ సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. చదివి సంతోషించాను గానీ, కండని ఎముకకి కలిపే టెండన్లు అంత తొందరగా బలపడవన్న ముక్క కూడా పక్కనే ఉంది.

ఆ వారంలోనే జట్టు మేస్త్రి నాన్నని పలకరించడానికి వచ్చాడు. మావైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ఈమధ్య చిన్న గోతాలు వస్తున్నా లెక్క మాత్రం అదే. పెద్ద మగవాడైనా 55 కిలోలకి మించి మొయ్యకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. ఆ కబురు మా కళ్ళాల దాకా రాలేదు. సార్వాకీ దాళ్వాకీ మధ్య వీళ్ళకి నెలల తరబడి బస్తా ఎత్తే పనుండదు. అంటే నేను ఐదేళ్ళకోసారి కూడా చెయ్యలేని పని వీళ్ళు ఏటా రెండుసార్లు చేస్తున్నారు. మళ్ళీ మొదలెట్టినప్పుడు ఎలా మోస్తారని అడిగాను.

"మొదట రెండ్రోజులు మొయ్యమండి. లారీ మీద సర్దుతాం, గోతాలు కుడతాం. ఆనక మెల్లిగా భుజం పెడతాం. తొందరపడ్డోడు సీజనంతా మంచమ్మీదే ఉంటాడండి. కూలి పోద్ది కదండీ."

నేను మూడు రోజులు పడుకుంటే నా జీతంలో ఒక్క రూపాయి తగ్గలేదు. 80 వెయ్యడానికి ధైర్యం అక్కణ్ణుంచే వచ్చినట్టుంది.

మర్నాడు ఖాళీ బార్‌తో మొదలెట్టాను, 20 కిలోలు. పక్కన కాలేజీ కుర్రాళ్ళు 100 ఎత్తుతుంటే నేనూ ఎత్తేవాణ్ణని చెప్పాలనిపించేది. ఒకసారి చెప్పేశాను కూడా. "అవునా అంకుల్" అన్నాడొకడు. వారానికి రెండున్నరో ఐదో కిలోలు పెంచుకుంటూ వచ్చాను.

నిన్న 70 వేశాను. ఐదుసార్లు లేచింది, నడుం ఏమీ అనలేదు. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను.

"నేనీమధ్య మూడు కిలోలు పెరిగాన్రా" అన్నారు.