పోచంపల్లికి చీర కొరకు

పోచంపల్లి హైదరాబాదునకు తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. విజయవాడ రహదారిని విడిచి ఎడమచేతివైపు తిరిగినచో పొలములు, తాటిచెట్లు, పిమ్మట చెరువు కనబడును. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావేగా రీ యూరికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరముల భూమి దానమిచ్చిరి. భూదానోద్యమ మిచ్చట పుట్టినందుననే ఊరికి భూదాన్ పోచంపల్లి యని పేరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా నెన్నుకొనెను. అయితే సోదరీమణులారా, మేము పోయినది వీనికొరకు గాదు, ఒక చీర కొరకు.

మా యమ్మాయికి పదునెనిమిదేండ్లు. దాని మేనమామ పెండ్లి దగ్గరపడినది. నగరములో నాలుగంగళ్ళు తిరిగితిమి. ఒకదాని అంచు వెడల్పు, ఒకదాని రంగు గాఢము, ఒకదానిపై చిలుకలు బాతులవలె నున్నవట! గుట్టలుగా పోసిన చీరలను మరల మడతపెట్టుచు అంగడివారు నావంక చూచిన చూపు నేను మరువలేను. ఇట్టి పిల్లలను మన పెద్దలు వంకలు పెట్టువారని గదుముదురు. నా యభిప్రాయము కొంచెము వేరు. కట్టుకొనవలసినది అది, దాని కంటికింపుగా నుండవలదా? కాని యామాట దాని యెదుట ననలేదు.

పోచంపల్లి వీధిలో తొలి దుకాణమున ఒక చీరను మిక్కిలి చవుకగా చూపిరి. అమ్మాయి దానిని తిరుగవేసి చూచెను. పైన మెరయు నీలము అడుగున వెలవెలపోయి యున్నది. “ఇది అచ్చు వేసినది, నేసినది కాదు” అనెను. దుకాణదారు నవ్వి, “డిజైను పోచంపల్లిదేనమ్మా!” అనెను. చదువరులు దీనిని గుర్తుంచుకొందురుగాక. చిటికి చీరలో నేతకు ముందే దారమునకు రంగు పట్టింతురు గనుక రెండు ప్రక్కలను రంగొక్కతీరుగ నుండును. కొంగు కొసనుండి ఒక పోగు లాగి చూచినచో ఆ పోగుమీదనే రంగులు మారుచుండును. పువ్వు అంచులు కొంచెము చెదిరినట్లు కనబడుట లోపము గాదు, అదియే దాని గుర్తు.

అచ్చటనుండి ఒక నేతవారి యింటికి పోతిమి. ఇల్లాలు నేలపై కూర్చుండి, చట్టమునకు బిగించిన పట్టుదారములను గుర్తుల ప్రకారము రబ్బరు పట్టీలతో కట్టుచుండెను. కట్టినచోట రంగంటదు, విప్పి, వేరొకచోట కట్టి, మరల నద్దవలెను. ఎన్ని రంగులో అన్ని మారులు! దీనికి ముందు ఆసుపోయుట యున్నది. మేకులు గల చట్టముపై దారమును ముందుకు వెనుకకు త్రిప్పుటయే ఆసు. ఒక చీరకు తొమ్మిదివేల పర్యాయములు చేయి కదలవలె నందురు. ఈ పని తరతరములుగ స్త్రీలదే. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తన తల్లి భుజముల నొప్పి చూడలేక 1999లో దీనికొక యంత్రమును కల్పించి, ఆమె పేరున లక్ష్మీ ఆసుయంత్రమని పిలిచిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. ఈ యింటను అట్టి యంత్ర మొకటి మూలనుండి చప్పుడు చేయుచుండెను. ఇల్లాలు కుడిభుజము తడవుకొనుచు, “ఇది జర ముందుగాల వచ్చుంటే బాగుండు” అని యూరకుండెను.

మగ్గముమీద సగము నేసిన చీర యొకటి యుండెను. ముదురునీలము, చిలుకలు లేవు, ఏనుగులు లేవు, చిన్న తెల్లని గళ్ళు మాత్రమే. నాలుగంగళ్ళలో పెదవి విరిచిన మా పిల్ల దానియొద్ద మోకాళ్ళపై కూర్చుండి యెంతకును లేవదాయెను. “అమ్మా, ఇదే కావలె” ననెను.

“అది మాది కాదు బిడ్డా” అనెను ఇల్లాలు. “పట్టు సావుకారిది. మాకు కూలి.”

ఎంత చిత్రము! తమ చేతులతో నేసినదానిని తమ గుమ్మమున నమ్ముకొనుటకు వారికి వీలులేదు. స్వంతముగ నేయవలెనన్న పట్టునకు ముందే సొమ్ము కావలెను. పైగా ఒక్క చీరకై యెవ్వరును పడుగు వేయరు. నేతగాడు వ్రేళ్ళు మడచి లెక్కచూచి, నాలుగు చీరలైనచో వేయగలననియు, పట్టు ఖరీదు ముందుగా నియ్యవలెననియు, రెండు నెలలు పట్టుననియు చెప్పెను. పెండ్లికి మూడు వారములే గడువు.

“పెండ్లికి నా చీర కట్టుకొందువా?” అని యడిగితిని.

“కట్టుకొందును. ఇది మాత్రము నేయించు.”

నా చీరలను చూచి మొగము చిట్లించు పిల్ల యిట్లనుట నాకు వింతయే. తెచ్చిన సొమ్మంతయు బయానాగ నిచ్చితిని. పేకలో రంగులు ఎవరికి కావలసినట్లు వారు మార్చుకొనవచ్చునట గాని, పడుగు మాత్రము నాలుగింటికిని నీలమే. ఒకటి అమ్మాయికి, ఒకటి నాకు, ఒకటి మా పొరుగింటి యామెకు కుదిరినవి. నాలుగవదానికి మా పెద్దాడుబిడ్డను అడుగవలసి యున్నది. ఆమెకు నీలమనిన గిట్టదు.