చట్నీలో ఏముంది పిన్నీ?

తెలుగు ఊళ్లో పల్లీ అలర్జీతో బతకడమంటే, ఇడ్లీ ప్లేటు చేతికొచ్చేలోపు గరిటెకి చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకోవడమే. "అన్నా, చట్నీ వద్దు" అని మూడుసార్లు చెప్పినా నాలుగోసారి అలవాటుగా పడిపోతుంది. ఇరవయ్యేళ్లుగా ఇడ్లీ మీద చట్నీ పోసిన చెయ్యి అది, చెవి మాట వినదు. పడ్డాక "పక్కకి తోసేసి తినమ్మా" అంటారు. ఇష్టం లేనివాళ్లకి అది సరిపోతుంది. నాకు సరిపోదు. పెదాలు వాయడంతో మొదలై, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుపోతుంది. ఇంటర్‌లో ఉండగా ఒకసారి ఎమర్జెన్సీ వార్డు దాకా వెళ్లింది వ్యవహారం. దురద మాత్ర దురదకే పనిచేస్తుంది, ఊపిరి ఆడనప్పుడు ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్ ఇంజెక్షనే అని అక్కడి డాక్టర్ చెప్పింది. విదేశాల్లో అలర్జీ ఉన్నవాళ్లు జేబులో పెట్టుకు తిరిగే ఇంజెక్షన్ పెన్ను గురించి మన మందుల షాపులో అడిగి చూడండి, వాళ్ల మొహంలో ప్రశ్నార్థకం కనిపిస్తుంది.

కాబట్టి నాకున్న ఆయుధం ఒక్కటే, అడగడం. అందులోనూ ఒక తిరకాసు ఉంది. అనంతపురంలో పుట్టిన మా పిన్ని వీటిని శెనక్కాయలు అంటుంది. కర్నూలు వైపు బుడ్డలు. కోస్తాలో వేరుశెనగ. హైదరాబాద్‌లో పల్లీలు. శెనగలు అంటే వేరే గింజ. శెనగనూనె అంటే మాత్రం మళ్లీ వేరుశెనగదే! శెనగపిండి బజ్జీ శెనగనూనెలో వేగుతుంటే పేరు ఒకటే, గింజలు రెండు. కొత్త ఊళ్లో "శెనగలు పడవండీ నాకు" అంటే అవతలివాళ్లు ఏం అర్థం చేసుకుంటారో దేవుడికే తెలియాలి. ఫ్యాక్టరీలో బాగా రిఫైన్ చేసిన నూనెలో అలర్జీ తెచ్చే ప్రొటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో అలాగే ఉంటుంది. ఇప్పుడు గానుగ నూనె ఫ్యాషన్. ఆరోగ్యం కోసమట.

ఇంకో తమాషా. "పల్లీలు వేశారా?" అని అడిగితే బండివాళ్లు దాన్ని క్వాలిటీ చెకింగ్ అనుకుంటారు. "ఫుల్ పల్లీలేనమ్మా, పుట్నాలు కలపం" అని గర్వంగా చెబుతారు. ఆ అబద్ధంతో నాకేం నష్టం లేదు, నేను ఎలాగూ తినను. భయమంతా కొబ్బరి చట్నీతోనే. కొబ్బరికాయ ధర పెరిగినప్పుడు అందులోకి గుప్పెడు పల్లీలు వచ్చి చేరతాయి, చట్నీ చిక్కబడుతుంది, పేరు మాత్రం కొబ్బరి చట్నీగానే ఉండిపోతుంది. అందుకే ఇప్పుడు ప్రశ్న మార్చేశాను. "పల్లీలు పడితే నేను హాస్పిటల్‌కి పోతా. ఇందులో ఉన్నాయా?" అంటాను. అప్పుడు మనిషి ఆగుతాడు, బకెట్‌లోకి చూస్తాడు, లోపలికి కేకేసి కనుక్కుంటాడు.

బాబాయి ఉద్యోగం పోయాక, రెండేళ్ల క్రితం, పిన్నే దిల్‌సుఖ్‌నగర్ వైపు టిఫిన్ బండి పెట్టింది. కాగితాల పని నా మీద పడింది, ఇంట్లో కాస్త ఫోన్ గెలికేది నేనే కాబట్టి. అప్పుడు తెలిసింది, బండికి రెండు వేర్వేరు కాగితాలు కావాలని. ఒకటి తిండికి, ఒకటి చోటుకి.

తిండి కాగితం తేలిక. అది ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్. 2011 నిబంధనల లెక్క ప్రకారం అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న వ్యాపారానికి లైసెన్సు అక్కర్లేకపోయేది, రిజిస్ట్రేషన్ సరిపోయేది, ఫీజు ఏడాదికి 100 రూపాయలు ఉండేది. నెట్ సెంటర్ అబ్బాయి పదిహేను వందలు అడిగాడు. ఫోస్కోస్ పోర్టల్‌లో నేనే ఫోన్ నుంచి పెట్టేశాను. పేరు, ఫోటో, గుర్తింపు కార్డు, అడ్రస్, ఏం అమ్ముతారు, నీళ్లు ఎక్కడివి అని అడిగారు. శుభ్రత నియమాలు పాటిస్తామని ఒప్పుకోవాలి: చేతులు కడుక్కోవడం, మంచినీళ్లు వాడడం, చెత్తబుట్టకి మూత, జబ్బుతో ఉన్నవాళ్లు వండకపోవడం. తర్వాత 14 అంకెల నంబరు వచ్చింది. పిన్ని దాన్ని లామినేట్ చేయించి దేవుడి ఫోటో పక్కన తగిలించింది.

చోటు కాగితం సంగతి వేరు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. చదివితే చాలా బావుంటుంది. ఊరికో టౌన్ వెండింగ్ కమిటీ, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. అయిదేళ్లకోసారైనా సర్వే, తర్వాత వెండింగ్ సర్టిఫికెట్. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లని కదపకూడదు. సామాను తీసుకెళ్తే, పాడైపోయే సరుకు అదే రోజు తిరిగివ్వాలి. ఈ చివరి సంగతి పిన్నికి చెబితే గట్టిగా నవ్వింది. "పట్టుకుపోయిన పిండి సాయంత్రం ఇస్తే ఏం చేసుకోవాల, మొహానికి పూసుకోవాల్నా?"

ఈ రెండు కాగితాల్లో ఎక్కడా నాలాంటివాళ్ల ప్రస్తావన లేదు. అలా అని మన చట్టానికి అలర్జీ అంటే తెలియదని కాదు. 2020లో వచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద కొన్ని పదార్థాలు ఉంటే విడిగా చెప్పి తీరాలి: గోధుమలాంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యలు పీతలు, గుడ్డు, చేప, వేరుశెనగలూ జీడిపప్పులాంటి గింజలూ, సోయా, పాలు, మోతాదు దాటిన సల్ఫైట్. హోటళ్ల విషయానికొస్తే సెంట్రల్ లైసెన్సు ఉన్నవాళ్లూ, పది చోట్లకి తక్కువ కాకుండా బ్రాంచీలున్నవాళ్లూ మెనూలో క్యాలరీలు చూపించాలి, అలర్జీ వివరాలు కూడా ఇవ్వాలి. బండికి అదేమీ లేదు. ఉండకూడదనే నేనూ అంటాను. తెల్లవారుజామున మూడింటికి లేచే మనిషి చేతిలో ఇంకో ఫారం పెడితే, అది నింపేది మళ్లీ ఆ నెట్ సెంటర్ అబ్బాయే.

కానీ మన జనం పొద్దున తినేది ప్యాకెట్లో కాదు కదా. పెద్ద రెస్టారెంట్‌లో నా ప్రాణానికి మెనూ కార్డు కాపలా, బండి దగ్గర గరిటె పట్టుకున్న మనిషి జ్ఞాపకశక్తి కాపలా. 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించినప్పుడు అందరికీ వెంటనే అర్థమైంది, ఎందుకంటే పాడైన మయోనైజ్ ఎవరు తిన్నా పడగొడుతుంది. పల్లీ చట్నీ అలా కాదు. వంద మందికి అమృతం, నూటొకటో మనిషికి అంబులెన్స్. దాన్ని నిషేధించమని అడిగేంత పిచ్చి నాకు లేదు, అడిగితే నన్నే ఊరు నుంచి నిషేధిస్తారు.

అందుకే పిన్ని బండి మీదే ప్రయోగం మొదలైంది. మొదట ఒప్పుకోలేదు. "శెనక్కాయలు లేని చట్నీ ఎవరు తింటారే?" అంది. చట్నీ మానేయమని కాదు, మిక్సీలో వరస మార్చమన్నాను. ముందు కొబ్బరి, పుట్నాలు రుబ్బాలి. ఆ డబ్బాకి మూత పెట్టేశాకే పల్లీల సంచి విప్పాలి. గరిటెలు రెండు, తెల్ల మూత డబ్బాలోది ఎర్ర మూత డబ్బాలోకి పోకూడదు, ఎర్రది తెల్లదాన్లోకి అసలే పోకూడదు. ఖర్చు ఒక గరిటె, రెండు మూతలు. కష్టమైంది మాత్రం బాబాయి చెయ్యి. రద్దీలో ఏ గరిటె దొరికితే అది ముంచేస్తాడు. చివరికి తెల్ల డబ్బాని పిన్ని తన వైపుకి జరిపేసుకుంది, బాబాయికి అందకుండా.

పక్కన పలకమీద చాక్‌పీస్‌తో రాశాం: ఎర్ర మూత పల్లీ, తెల్ల మూత కొబ్బరి, పుట్నాలు. అలర్జీ వాళ్లు ఎందరొచ్చారో తెలీదు కానీ, పల్లీ తింటే పైత్యం చేస్తుందనే పెద్దవాళ్లంతా తెల్ల మూత దగ్గర క్యూ కట్టారు. పిన్నికి అప్పుడు నమ్మకం కుదిరింది.

నువ్వుల దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. కారప్పొడిలో పిన్ని నువ్వులు వేస్తుంది. రాయాలా వద్దా? మన జాబితాలో నువ్వులు లేవు. బ్రిటన్‌లో ఉన్నాయి. 2016లో నటాషా అనే పదిహేనేళ్ల అమ్మాయి శాండ్‌విచ్ రొట్టెలోని నువ్వుల వల్ల చనిపోయింది, పేపరు మీద ఆ సంగతి రాసి లేదు. ఆమె పేరు మీదే వచ్చిన చట్టం 2021 అక్టోబర్ నుంచి అక్కడ అమల్లో ఉంది. అమెరికా 2023 జనవరి నుంచి నువ్వుల్ని తన జాబితాలో చేర్చింది. సకినాలు, నువ్వుండలు, పులిహోరలో నువ్వులపొడి తినే మనకి మాత్రం అది ఇంకా అలర్జీ గింజ కాదు. నటాషా సంగతి చెప్పాక పిన్ని ఏమీ అనకుండా పలక కింద "పొడిలో నువ్వులు" అని తనే రాసింది, ఒత్తు లేకుండా "నువులు" అని. ఎవరూ దిద్దలేదు.

సర్వేవాళ్లు వచ్చి ఫోటో తీసుకుని వెళ్లారు. కార్డు ఇంకా రాలేదు. ఈమధ్య ట్రాఫిక్‌కి అడ్డమని బండిని సందు చివరకి జరపమన్నారు. పలక, రెండు డబ్బాలు, లామినేట్ చేసిన నంబరు అన్నీ అక్కడికే వెళ్లాయి. మొన్న ఆదివారం స్కూలు పిల్లాడితో ఒకావిడ వచ్చి పలక మొత్తం చదివింది.

"అక్కా, బాబుకి గుడ్డు పడదు. గారెలు వేసే నూనెలో ఎగ్ బోండా వేస్తారా?"

పిన్ని బాండీలోకి చూసింది. "అదే నూనె అమ్మా. బోండా పదింటి తర్వాతే వేస్తా, రోజూ పొద్దున నూనె కొత్తదే పోస్తా. పదిలోపు వస్తే ఒట్టి గారెల నూనే." ఆవిడ ఫోన్‌లో టైం చూసుకుంది. తొమ్మిదిన్నర. రెండు గారెలు కట్టించుకుంది, చట్నీ తెల్ల మూతది.