పాలేరు దాటితే పేట

రీల్స్ తిప్పుతుంటే రోజుకో యూరప్ రోడ్ ట్రిప్ కనిపిస్తుంది. వియన్నాలో టిఫిన్, గంటలో బ్రాటిస్లావాలో కాఫీ. మధ్యలో దేశమే మారిపోయిందని ఒక బోర్డు చెబుతుంది, అంతే. చూసినప్పుడల్లా నాకు అనిపించేది ఒక్కటే: ఇంతకంటే తమాషా అయిన సరిహద్దు మన హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీదే ఉంది. మనం ఏసీ బస్సులో నిద్రపోతూ దాటేస్తున్నాం, అందుకే కనపడదు.

ఇప్పుడు నేను ఆ ట్రిప్పే ప్లాన్ చేస్తున్నాను. కారణం అమ్మమ్మ. ఎనభై దాటిన అమ్మమ్మ హైదరాబాద్‌లో మా దగ్గర ఉంటుంది. ఆమె చెల్లెలు, అంటే మా చిన్నమ్మమ్మ, బెజవాడలో. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆరేళ్లయింది. వీడియో కాల్‌లో ఒకరికి వినపడదు, ఇంకొకరికి కనపడదు. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మమ్మ ఐదు గంటలు ఒకే సీట్లో కూర్చోలేదు. అందుకే మ్యాప్స్ చూపించే 270 కిలోమీటర్లను రెండు రోజులకు పంచాను.

మొదటి రోజు ఉదయం ఐదున్నరకు బయల్దేరితే సూర్యాపేటలో టిఫిన్. తర్వాత మునగాల. అందరికీ అది బస్సు ఆగని ఊరు. అమ్మమ్మకు పుట్టిన ప్రాంతం.

కాయితాల ప్రకారం అమ్మమ్మ పుట్టింది కృష్ణా జిల్లా, నందిగామ తాలూకాలో. ఇదేంటి, మునగాల తెలంగాణ కదా అని నేనూ ఆశ్చర్యపోయాను. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీది. నేలమీద దీవి అన్నమాట. అంటే ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి బెజవాడకు ఇదే దారిన వెళ్తే నిజాం నేల దాటి మునగాలలో బ్రిటిష్ నేల తొక్కి, కోదాడ దగ్గర మళ్లీ నిజాం నేలలోకి, జగ్గయ్యపేటలో మళ్లీ బ్రిటిష్ నేలలోకి. అటు హాలీ సిక్కా, ఇటు బ్రిటిష్ రూపాయి. సరుకు మీద సుంకానికి నిజాం వాళ్ల కరోడ్‌గిరి నాకాలు. యూరప్‌లో కూడా ఇంత దగ్గరలో ఇన్ని హద్దులు అరుదే!

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం బెజవాడ వైపు నుంచి ఈ దారినే హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. అప్పటికి ఆరేళ్ల పిల్ల అయిన అమ్మమ్మకు గుర్తున్నది లారీల వరస, దుమ్ము. తర్వాత మునగాల నల్గొండ జిల్లాలో కలిసింది. 2014లో తెలంగాణ వచ్చింది, 2016లో సూర్యాపేట జిల్లా అయింది. అటు 2022లో జగ్గయ్యపేట, నందిగామ కూడా కృష్ణా నుంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. "నేను కదల్లేదురా, జిల్లాలే కదిలాయి" అంటుంది అమ్మమ్మ.

కోదాడ, రామాపురం క్రాస్ రోడ్డు దాటాక పాలేరు వంతెన. అవతల గరికపాడు. ఇదే ఇప్పటి రాష్ట్ర సరిహద్దు. సొంత కారుకు పర్మిట్ అక్కర్లేదు. ఎల్లో బోర్డు ట్యాక్సీ మాట్లాడుకుంటే మాత్రం పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి. డిక్కీలో మందు సీసాలు పెట్టుకున్న స్నేహితుడు ఉంటే వాడిని ఇంటి దగ్గరే వదిలేయండి.

నిజానికి ఇక్కడ చూసుకోవాల్సింది చెక్‌పోస్టును కాదు, ఏరుని. 2024 సెప్టెంబర్ మొదట్లో వరదకు గరికపాడు వంతెన దగ్గర రోడ్డు కోసుకుపోయింది. 2023 జూలైలో నందిగామ దాటాక ఐతవరం దగ్గర మున్నేరు హైవే మీదకే వచ్చేసింది. రెండుసార్లూ రెండు నగరాల మధ్య రాకపోకలు ఆగాయి. మనుషులు గీసిన గీత జరిగింది గానీ పాలేరు, మున్నేరు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అందుకే మా ట్రిప్ డిసెంబర్‌లో. సంక్రాంతి ముందు వారం వద్దే వద్దు, టోల్ గేట్ల దగ్గరే భోగి అయిపోతుంది.

జగ్గయ్యపేటలో ధనంబోడు చూడాలి. ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని 1880లలో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. అక్కడి నుంచి హైవే వదిలేసి కృష్ణ ఒడ్డుకు, ముక్త్యాల మీదుగా వేదాద్రికి.

వేదాద్రిలో నరసింహస్వామి ఐదు రూపాల్లో ఉంటాడని నమ్మకం. గుడిలో యోగానందుడు, కొండ మీద జ్వాలా నరసింహుడు, కృష్ణలో సాలగ్రామ రూపం. సోమకాసురుడు ఎత్తుకుపోయిన వేదాలు తిరిగి దక్కాక ఇక్కడ కొండగా నిలిచాయని స్థలపురాణం, అందుకే వేదాద్రి. అమ్మమ్మ కొండ ఎక్కలేదు. ఒడ్డునున్న గుడి చాలు అంది. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ ఎడ్లబండిలో వచ్చిన చోటు అది.

రెండు జాగ్రత్తలు రాసిపెట్టుకున్నాను. ఎగువన పులిచింతల ఉంది, గేట్లు ఎత్తితే నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి. 2021 ఆగస్టులో అయితే ఒక గేటే కొట్టుకుపోయింది. కాబట్టి ఘాట్‌లో మెట్టు దాటి దిగేది లేదు. రెండోది రోడ్డు. సిమెంటు ఫ్యాక్టరీల ప్రాంతం, లారీలు ఎక్కువ. 2020 జూన్‌లో వేదాద్రి దర్శనం చేసుకుని ట్రాక్టర్‌లో ఖమ్మం జిల్లాకు తిరిగి వెళ్తున్న వాళ్లను లారీ ఢీకొట్టి పదిమందికి పైగా చనిపోయారు. అందుకే చీకటి పడేలోపు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి, నందిగామలో ఆగిపోతాం.

మర్నాడు తాపీగా బెజవాడ. పది గంటలకల్లా చిన్నమ్మమ్మ ఇంటి ముందు ఉండాలి. ఆమెకు ఫోన్ చేసి ప్లాన్ మొత్తం చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది: "వేదాద్రిలో మీరు దర్శనం చేసుకుని వచ్చేస్తే ఎలా? నన్ను కూడా అక్కడికే తీసుకురారాదూ?"

మ్యాప్ మళ్లీ తెరిచాను. బావని బెజవాడ నుంచి చిన్నమ్మమ్మతో బయల్దేరమన్నాను. అక్కచెల్లెళ్లు కలిసేది ఇప్పుడు కృష్ణ ఒడ్డునే.