ఇరవై నంబరు వీసా

రాజంపేట, రాయచోటి చుట్టుపక్కల ఊళ్లలో ఫలానా వాళ్ల అబ్బాయికి కువైట్ వీసా వచ్చిందంటే ‘ఎంతయింది?’ అని అడుగుతారు. ‘ఏ వీసా?’ అని అడిగేవాళ్లు అరుదు. నేను పోయే ముందు మా ఇంట్లోనూ ఎవరూ అడగలేదు. అడగాల్సింది నేనే. పదో తరగతి పాసైనవాణ్ణి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కోగలిగినవాణ్ణి.

ఏజెంటు మాకు చెప్పింది సూపర్ మార్కెట్‌లో పని. చేతికొచ్చిన కాగితంలో మాత్రం వృత్తి అన్న చోట ‘హౌస్ డ్రైవర్’ అని ఉంది. దాని కింద కఫీల్‌గా, అంటే వీసా ఇచ్చే యజమానిగా, ఎవరో కువైటీ పేరు. అడక్కపోలేదు. “అదంతా పేరుకేలే తమ్ముడూ, ఇది ఫ్రీ వీసా. కఫీల్‌కు ఏడాదికింతని ముట్టజెప్పి బయట నీకిష్టమైన పని చేసుకోవచ్చు” అన్నాడు. తిరిగొచ్చాక చాన్నాళ్లు ఊళ్లో తెలియక మోసపోయానని చెప్పుకున్నాను. అది సగం నిజమే. అనుమానం నాకు అప్పుడే వచ్చింది. అప్పటికే డబ్బు కట్టేశాం, అందులో సగం వడ్డీకి తెచ్చింది. ఆ మాట నమ్మితేనే ఆ రాత్రి నిద్ర పడుతుంది. నమ్మేశాను.

అసలు కువైట్‌లో ఫ్రీ వీసా అనే వీసానే లేదు. గల్ఫ్‌లో ఎక్కడా లేదు. ఆజాద్ వీసా అన్నా అదే సరుకు. కువైట్‌లో అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, నంబర్ల మీద నడుస్తుంది. సర్కారు కొలువుకు 17. ప్రైవేటు కంపెనీలకు, దుకాణాలకు 18. దీన్నే మనవాళ్లు షూన్ వీసా అంటారు. ఇంటి పనికి 20, అదే ఖాదిం వీసా. వంటమనిషి, ఆయా, ఇంటి డ్రైవరు, తోటమాలి ఇందులోకే వస్తారు. కుటుంబాన్ని పిలిపించుకుంటే వాళ్లకు 22. ఎవరి దగ్గర పనిచేయాలి, జీతం రాకపోతే ఎవరి గడప తొక్కాలి, ఇంకో చోటికి మారొచ్చా మారకూడదా అన్నవన్నీ ఆ నంబరును బట్టే ఉంటాయి. నాది 20. నేను చేరింది ఫర్వానియాలో ఒక బకాలాలో, అంటే చిల్లర అంగట్లో.

మొదట్లో ఏ ఇబ్బందీ కనబడలేదు. నీళ్ల కేసులు మోయడం, ఫోనొస్తే మేడల మీదికి సరుకులు చేర్చడం, రాత్రి లెక్క అప్పజెప్పడం. అకామా రెన్యువల్‌కు కఫీల్‌కు డబ్బు పంపేవాణ్ణి. నాకంటే ముందొచ్చిన మామ ఒకాయన మాత్రం శుక్రవారం మనవాళ్లు కలుసుకునే మాలియాకు పోదామంటే ఒప్పుకునేవాడు కాదు. “చెకింగ్ ఉంటే బతాకా నంబరు కొట్టి చూస్తారురా. నువ్వు ఎవరి కింద ఉన్నావో, ఎక్కడ పనిచేస్తున్నావో అప్పుడు తేలిపోతుంది” అనేవాడు. బతాకా అంటే అక్కడి గుర్తింపు కార్డు. అకామా గడువు ఉన్నా సరే, కఫీల్ దగ్గర కాకుండా వేరే చోట పనిచేస్తూ దొరికితే ఇంటికి పంపేస్తారని ఆయన చెబితేనే నాకు తెలిసింది.

అంగడి ఓనరు జీతం ఆపేశాక నా స్థితి ఏమిటో నాకు పూర్తిగా అర్థమైంది. ఒక నెల పోయింది, రెండో నెల పోయింది. చివరికి ధైర్యం చేసి కార్మిక శాఖ ఆఫీసుకు పోయాను. గుమాస్తా బతాకా తీసుకుని కంప్యూటర్‌లో చూశాడు.

“నీది ఇరవై. ఇక్కడ పద్దెనిమిది వాళ్ల ఫిర్యాదులే తీసుకుంటాం” అన్నాడు.

అప్పట్లో ఖాదింల వ్యవహారమంతా హోంశాఖ చూసేది. అక్కడికీ పోయాను.

“కఫీల్ జీతం ఇవ్వలేదా?” అని అడిగారు.

“ఆయన దగ్గర నేను పనిచేయలేదు.”

“మరి ఎక్కడ చేశావు?”

నిజం చెబితే నేరం నాది అవుతుంది. అబద్ధం చెబితే జీతం ఇవ్వాల్సింది కఫీల్ అవుతాడు, ఆయన నాకు బాకీ లేడు. ఏమీ అనకుండా బతాకా తీసుకుని బయటికొచ్చాను. కాగితాల లెక్కలో నేను ఆ అంగట్లో ఒక్క పూట కూడా పనిచేయలేదు. చేయని పనికి జీతమేమిటి? ఆ నీళ్ల కేసులు మోస్తూ మెట్ల మీద పడి కాలు విరిగినా జవాబు అదే అయ్యుండేది.

ఆ తర్వాత కఫీల్ రేటు పెంచాడు. జీతమే లేనివాణ్ణి ఎక్కడ తెచ్చేది? నేను పారిపోయానని కేసు పెట్టాడు, అకామా పోయింది. అలాంటివాణ్ణి అక్కడ ఖల్లివెల్లి అంటారు. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇంటి పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని పట్టుకోకూడదని 2015 చట్టం చెబుతోంది. కానీ ఆ మాట అడగాలన్నా ముందు నేను పోలీసుల ముందుకు పోవాలి. గడువు దాటితే అప్పట్లో రోజుకు 2 దినార్ల జరిమానా, అత్యధికంగా 600 దినార్లు. నాయన ఆపరేషనుకు రాలేకపోయాను. 2018లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, మన ఎంబసీ ముందు వరసలో నిలబడి అవుట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి పోవడానికిచ్చే కాగితం, తీసుకుని ఇల్లు చేరాను.

ఇప్పటికీ నన్ను గుచ్చే సంగతి ఒకటుంది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు కువైట్ సహా 18 దేశాలకు పనికి పోవాలంటే, మన దేశపు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. ఏ పని, ఎంత జీతం, యజమాని ఎవరు అని అక్కడ చూస్తారు. నేను పాసయ్యాను కాబట్టి ఆ అడ్డు నాకు లేదు. చదువుకున్నవాడు తన కాగితం తానే చదువుకుంటాడని ప్రభుత్వం అనుకుంది. నేను చదివి కూడా పక్కన పెట్టాను.

‘ఇరవై మీద పోయి తర్వాత పద్దెనిమిదికి మార్చుకుంటా’ అనే పిల్లలు ఇప్పుడూ కనిపిస్తున్నారు. 2024లో జులై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా, రెండు నెలలు అలా మారడానికి కువైట్ వీలు కల్పించింది. దానికీ కఫీల్ ఒప్పుకోవాల్సి ఉండేది. ఎప్పుడో ఒకసారి తెరిచే తలుపును నమ్ముకుని అప్పు చేయకండి.

పోయేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. లక్షలడిగితే అక్కడే లేచి వచ్చేయండి. వీసా కాగితం రాగానే నంబరు, వృత్తి, యజమాని పేరు ఈ మూడూ చదవండి. అరబ్బీ అయితే చదవగలిగినవాళ్ల చేత చదివించండి. ఏజెంటు నోటితో చెప్పిన పనికీ కాగితం మీదున్న పనికీ తేడా ఉంటే, కట్టిన డబ్బు పోయినా సరే, విమానం ఎక్కకండి. మీరు పోగొట్టుకునే దానిలో అదే తక్కువ.