ఎందుకని అడిగితే

తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు అని మన సామెత. పిహెచ్.డి. రోజుల్లో స్త్రీల గురించిన సామెతలు పోగేస్తూ దీన్ని కూడా ఒక కార్డు మీద రాసి పెట్టుకున్నాను. కొండాపూర్ కి వచ్చాక అది తరచూ గుర్తొస్తోంది. ఇక్కడ ఆడవాళ్ళు బాగానే తిరుగుతున్నారు మరి! కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ లో, దుర్గం చెరువు ఒడ్డున, అపార్టుమెంట్ల మధ్య చిన్న పార్కుల్లో, కాళ్ళకి షూస్, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ. వీళ్ళని చూసి చెడిపోయారని ఎవరూ అనడం లేదు.

అలాగని సామెతకి కాలం చెల్లిందనుకోలేను. పక్కన నడుస్తూ మాటలు వినండి. ఒకామెకి షుగరు, ఇంకొకామెకి థైరాయిడ్, మరొకామె కాన్పు తర్వాత బరువు పెరిగింది. అందరినీ డాక్టరు నడవమన్నాడు. ఊరికే, నడవాలనిపించి వచ్చాను అన్న మనిషి నాకింతవరకూ తగల్లేదు. మగవాళ్ళకీ షుగరు ఉంటుంది కానీ వాళ్ళు దాని పేరు చెప్పి ఇంట్లో సెలవు అడగరు కదా.

మా అమ్మకి తెనాలిలో ఈ సాకు గుడి. సాయంత్రం గుళ్ళో ప్రదక్షిణలు చేసి, మండపంలో కాసేపు కూచుని వచ్చేది. అంతసేపు వంటింటికి దూరంగా ఉండటానికి దేవుడి పూచీ కావాల్సి వచ్చింది. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళినా అదే కనిపిస్తుంది. కోరిక కోరుకుంటే పదకొండు ప్రదక్షిణలు, తీరితే నూటెనిమిది. వీసా కోసం వచ్చే ఇంజనీరు అమ్మాయిల చేతుల్లో లెక్క గళ్ళ కాగితాలు. పార్కులో వాచీ లెక్కపెడుతుంది, అంతే తేడా. రెండుచోట్లా గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే రావాలి!

ఇక కూర్చోవడం సంగతి. మా కాలనీ పార్కులో ఒకరోజు నడక అయ్యాక బెంచీ మీద కూర్చున్నాను. పుస్తకం లేదు, ఫోను బయటికి తియ్యలేదు. పావుగంట కాకుండానే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "ఎవరికోసమైనా చూస్తున్నావామ్మా?" అన్నాడు. చాలా మర్యాదగానే అడిగాడు. ఆ పక్క గట్టు మీద నలుగురు మగవాళ్ళు గంట నుంచీ పేకాడుతున్నారు. వాళ్ళు ఎవరికోసం చూస్తున్నారో ఆయనకి సందేహం రాలేదు.

ముంబయి వీధుల మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం సరిగ్గా ఇక్కడే పట్టుకుంటుంది. బయట కనపడే ప్రతి ఆడదీ తానేదో పనిమీద ఉన్నట్టు చూపించుకోవాల్సి వస్తోందంటారు వాళ్ళు. వాళ్ళడిగేది రక్షణ కాదు, పనిలేకుండా తిరిగే హక్కు. దానికి మనకి బలాదూర్ అనే మంచి మాట ఉంది, అదీ మగపిల్లల్ని తిట్టడానికే. ఆడపిల్లని తిట్టాల్సివస్తే నేరుగా 'బజారుది' దాకా వెళ్ళిపోతాం.

గార్డెన్ బయట తెల్లవారకుండానే రోడ్డూడ్చే ఆమెని ఓసారి పలకరించాను. "మీరు నడుస్తరు మేడం, మాది నడుసుడు కాదా?" అని నవ్వింది. ఆమె చీపురుతో వేసే అడుగుల్ని ఏ వాచీ లెక్కపెట్టదు. పనిమీద ఉంది కాబట్టి ఎందుకొచ్చావని ఆమెనెవరూ అడగరు, కూర్చుంటే మాత్రం అడుగుతారు.

1998లో సైబర్ టవర్స్ రాకముందు మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ ఊళ్ళే. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకి నీళ్ళిచ్చిన దుర్గం చెరువు రాళ్ళ మధ్య ఉండేది. తెలంగాణ పల్లెల్లో సద్దుల బతుకమ్మ రాత్రి చెరువుగట్టు ఆడవాళ్ళది. అదీ పండగ సాకే, కానీ గుంపుకున్న ధైర్యం వేరు. 2020 సెప్టెంబరులో చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచాక, మొదట్లో శని ఆదివారాలు వాహనాలు ఆపి జనాన్ని నడవనిచ్చారు. పిల్లల్ని వేసుకుని, చున్నీలు గాలికి వదిలేసి, రాత్రి పూట ఎంతమంది ఆడవాళ్ళో! వెలుతురూ జనమూ ఉంటే చాలు, వాళ్ళు వస్తారు.

2013 అక్టోబరులో ఈ ప్రాంతంలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీద కారులో అత్యాచారం జరిగింది. పత్రికలు ఆమెని 'అభయ' అన్నాయి. ఏడాదికి షీ టీమ్స్ వచ్చాయి. వాటి అవసరం లేదని నేననను. కానీ అప్పట్నుంచీ అమ్మాయిని ఇంటి గుమ్మం ముందు దింపడమే భద్రత అయికూచుంది. నా స్నేహితురాలి ఆఫీసుకీ ఇంటికీ రెండు కిలోమీటర్లు. తొమ్మిదేళ్ళుగా క్యాబ్ లో వెళ్తోంది. ఒక్కసారీ ఆ దారి నడవలేదు.

మొన్న శనివారం చీకటి పడ్డాక ఆ దారిలో నడుద్దామన్నాను. "అత్తయ్యకి ఏం చెప్పను?" అంది.

"నడవడానికని చెప్పు."

"ఎందుకని అడుగుతారు కదే!"

చివరికి కూరగాయలకని చెప్పి వచ్చింది. రోడ్డు తవ్వకాలు తప్పించుకుంటూ, వేరుశనక్కాయలు తింటూ, గంటసేపు నడిచాం. గుట్టలబేగంపేట వైపు ఇళ్ళ వెనక ఇంకా మిగిలిన రాళ్ళని ఆమె మొదటిసారి చూసింది. వెనక్కి వస్తూ గుర్తొచ్చి రెండు కట్టలు కొత్తిమీర కొంది.