మంద వెంట

ఉదయగిరి దుర్గం కింది బీళ్లలో గొర్రెల మంద కదిలితే వెనకే పసులపోలిగాడు బయల్దేరుతుంది. గిట్టల అలికిడికి లేచిన మిడతే దానికి తిండి. గొర్రెకు ఆ పిట్టతో పనేమీ లేదు.

పొడుగు కాళ్ల నెల్లూరు గొర్రె ఎండలోనూ చాలా దూరం నడుస్తుంది. సర్కారు తుమ్మకాయలు తిని, ఆత్మకూరు వైపు దారి పొడవునా పెంటికల్లో గింజలు జారవిడుస్తుంది. కడుపులో నానిన గింజ తొందరగా మొలుస్తుంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ ముళ్లచెట్టు మన చెరువుల్ని కమ్మేసిందంటే, కొంత పుణ్యం మందదే! దాన్ని ఒట్టి దుష్టురాలని నేననలేను. పేదల పొయ్యికి కట్టె, బట్టీకి బొగ్గు అదే. కానీ దాని కింద గడ్డి సరిగా పెరగదు. అంటే గొర్రె తన మేతకు తానే ఎసరు పెట్టుకుంటోంది. రాత్రి మంద కట్టిన చేనుకు మాత్రం ఎరువు దక్కుతుంది. కాపరికి గింజలో, డబ్బులో ముడతాయి.